విగ్రహం పెట్టడమా, కాగితం అడగడమా?

మా కాలనీలో ఒక ఖాళీ స్థలం ఉంది. పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. సాయంత్రం పూట పెద్దవాళ్లు నాలుగు చుట్లు తిరుగుతారు. సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెడతారు. ఆ స్థలంలో మునిసిపాలిటీ వాళ్లు షాపింగ్ కాంప్లెక్స్ కట్టబోతున్నారని కిందటేడు ఒక వార్త వచ్చింది. వార్త అంటే పత్రికలో కాదు, టీ కొట్టు దగ్గర. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు. ఎన్ని అంతస్తులంటే ఒకరు రెండన్నారు, ఒకరు ఐదన్నారు. కాంట్రాక్టు మాత్రం మా వార్డు కౌన్సిలర్ గారి బావమరిదికే అని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు.

ఆదివారం పొద్దున్న ఒక మేడ మీద సమావేశమయ్యాం. ఇరవై మంది దాకా వచ్చారు. పత్రికలకు చెబుదామన్నారు, ఎమ్మెల్యే గారిని కలుద్దామన్నారు. చివర్లో ఒకాయన లేచి, "మాస్టారూ, ఇవన్నీ ఎందుకండీ? రాత్రికి రాత్రి ఆంజనేయస్వామిని నిలబెట్టేద్దాం. పొద్దున్నే నాలుగు కొబ్బరికాయలు కొడదాం. ఆ తర్వాత అక్కడికి బుల్డోజరు ఎవడు తెస్తాడో చూద్దాం" అన్నాడు. మేడంతా చప్పట్లు.

దాపరికం లేకుండా ఒప్పుకుంటాను. మన దేశంలో ఆ ఉపాయం పనిచేస్తుంది. రోడ్డు మధ్యలో ఉన్న గుడిని తప్పించుకుంటూ వంకర తిరిగిన రోడ్లు మనందరం చూసినవే. నేను కాదన్నాను. "మీకు దేవుడంటే పడదు కాబట్టి కాదంటున్నారు" అన్నారు. నిజమే, పడదు. కానీ ఆ రోజు నేను చెప్పిన కారణాలు వేరు. పార్కుల్లో, వీధుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో ఏ మతం పేరుతోనైనా కొత్తగా అనధికార కట్టడాలు లేవనివ్వకూడదని సుప్రీంకోర్టు 2009లోనే ఆదేశించింది, అది మొదటిది. రెండోది, విగ్రహం వచ్చాక ఆ స్థలం పిల్లలది కాదు. ముందు రేకుల షెడ్డు వస్తుంది, తర్వాత హుండీ వస్తుంది, ఆ తర్వాత కమిటీ వస్తుంది, చుట్టూ కొబ్బరికాయల కొట్లు వస్తాయి. షాపింగ్ కాంప్లెక్స్ వద్దని మొదలుపెట్టి మనమే ఒకటి కట్టుకున్నట్టవుతుంది. మూడోది అన్నింటికంటే ముఖ్యం. అసలు మునిసిపాలిటీ ఏం చేయబోతోందో మా ఇరవై మందిలో ఒక్కరికీ తెలియదు. తెలియనిదాని మీద యుద్ధం ప్రకటించడానికి దేవుణ్ణి పిలుస్తున్నాం.

"ఒక్క నెల ఆగండి, కాగితం తెస్తాను" అని చెప్పి సోమవారం మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు. విషయం విని, "మీరెవరండీ? ఆ స్థలం మీదా?" అన్నాడు. కాదన్నాను. "మరి మీకెందుకండీ?" అన్నాడు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. హేతువాదులకు ఇది కొత్త ప్రశ్న కాదు. గాలిలోంచి విభూతి తీసే స్వామిని చెయ్యి విప్పి చూపించమంటే శిష్యులు అడిగేది కూడా ఇదే, "అడగడానికి నువ్వెవరు?" అని. చేతిలో ఏముందన్న ప్రశ్నకు అది జవాబు కాదు. అడిగినవాడు పండితుడైనా పామరుడైనా చేతిలో ఉన్నది మారదు. మాట చెప్పినవాడే రుజువు చూపాలి, అడిగేవాడి అర్హతతో దానికి పని లేదు అన్నది మన మొదటి పాఠం. మన దేశంలో పౌరులు స్థానిక సంస్థల్ని లెక్క అడిగిన చరిత్ర చదివితే, అదంతా "నువ్వెవరు?" అన్న ఈ ఒక్క ప్రశ్నను మెట్టు మెట్టుగా కూల్చిన చరిత్రలాగే నాకు కనిపిస్తుంది.

మొదటి మెట్టు ఉడిపిలో ఉంది. కృష్ణ మఠంతో పేరు పొందిన ఆ ఊళ్లో ఒకాయనకు కల్యాణ మండపం, ఉపన్యాస మందిరం కట్టుకోవడానికి పట్టణ మునిసిపల్ కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. తర్వాత అదే కట్టడాన్ని సినిమా హాలుగా మార్చుకోవడానికి కూడా సరేనంది. అది ఇళ్లుండే ప్రాంతం, అక్కడి ప్రణాళిక ప్రకారం సినిమా హాలుకు చోటు లేదు. అక్కడే ఉండే ఒక నివాసి కోర్టుకెక్కాడు. అనుమతి చట్ట విరుద్ధమని హైకోర్టు ఒప్పుకుంది గానీ, కట్టినాయన అప్పటికే బోలెడు డబ్బు ఖర్చు పెట్టాడు కాబట్టి జోక్యం చేసుకోమని వదిలేసింది. సుప్రీంకోర్టు 1974లో దాన్ని తిరగదోడింది. అక్రమ కట్టడం వల్ల ఆ ప్రాంతంలో నివసించే వాళ్ల హక్కులు దెబ్బతింటాయి కాబట్టి అడిగే హక్కు నివాసికి ఉందని, కౌన్సిల్ తన అధికారం మేరకే నడుచుకోవాలని, ఖర్చు పెట్టేశాను అనడం సాకు కాదని చెప్పింది. "స్థలం నీదా?" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు అది. స్థలం నాది కానక్కర్లేదు, నేను ఆ వీధిలో ఉంటే చాలు.

మరుసటేడు, 1975లో, రాజ్ నారాయణ్ కేసులో జస్టిస్ కె.కె. మాథ్యూ ఇంకో మాట అన్నారు. ప్రజల పేరిట, ప్రజల ఉద్యోగులు చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందని ఆయన తీర్పు సారాంశం. ఆ కేసు ప్రధాని భద్రతకు సంబంధించిన పోలీసు పుస్తకం గురించి. ఢిల్లీ స్థాయిలో చెప్పిన ఆ మాట మున్సిపల్ ఆఫీసు బీరువా దాకా దిగి రావడానికి మరో పదేళ్లు పట్టింది.

అది పుణేలో జరిగింది. కంటోన్మెంటు బోర్డు పరిధిలో భవనాలకు ఇస్తున్న అనుమతుల మీద పర్యావరణ బృందం ఒకటి అనుమానపడి, దరఖాస్తులు, నక్షలు, అనుమతి కాగితాలు చూపించమంది. బోర్డు కుదరదంది. ఆ బృందం ఎవరి భూమి కోసమూ తగువు పడలేదు, ఎవరి కట్టడాన్నీ కూల్చమనలేదు, చూపించమని మాత్రమే అడిగింది. బొంబాయి హైకోర్టు 1986లో ఆ బృందం పక్షాన నిలిచింది. కాగితాలు తనిఖీ చేసుకోవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు అంది. సమాచార హక్కు చట్టం రావడానికి ఇంకా పంతొమ్మిదేళ్లుండగా వచ్చిన తీర్పు ఇది. ఈ కేసుకు రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. ఉడిపి నివాసి తప్పు జరిగిపోయాక కోర్టుకు వెళ్లాడు. పుణే వాళ్లు తప్పు జరిగిందో లేదో చూడనివ్వండి అన్నారు. రెండోది హేతువాద పద్ధతికి మరింత దగ్గర.

ఆ తర్వాత బెంగళూరు. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకోవడానికి ఒక ప్రైవేటు ట్రస్టుకు కేటాయించారు. కేటాయింపు వెనక ముఖ్యమంత్రి ఆదేశం ఉంది. నివాసులు కోర్టుకు వెళ్లారు. ఆసుపత్రి కూడా ప్రజోపయోగమే కదా, పార్కు కంటే గొప్పదే కదా అన్నది అవతలి వాదన. పైకి చూస్తే న్యాయంగానే ఉంటుంది. సుప్రీంకోర్టు 1991లో ఆ కేటాయింపు చెల్లదంది. ఖాళీ స్థలం, స్వచ్ఛమైన గాలి విలాసాలు కావని, ప్రణాళికలో పార్కు అని రాసినదాన్ని ఎంత పెద్దవాడి మాట మీదైనా మార్చడానికి వీల్లేదని, ఆ ప్రాంత నివాసులకు ప్రశ్నించే హక్కు ఉందని తేల్చింది. పెద్దాయన చెప్పాడు కాబట్టి అది సత్యం అన్న వాదానికి శాస్త్రంలో చోటు లేదు. పట్టణ ప్రణాళికలో కూడా లేదని ఈ తీర్పుతో తెలిసింది.

ఇంతవరకు చెప్పిన వాళ్లంతా లాయరును పెట్టుకోగలిగిన వాళ్లే. ఆ స్తోమత లేని వాళ్లు అడిగిన కథ రాజస్థాన్‌లో జరిగింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. కరువు పనులకు వెళ్లిన కూలీలకు పూర్తి కూలి ఇచ్చేవారు కాదు. అడిగితే మస్టరులో నువ్వు చేసిన పని ఇంతే ఉంది అనేవారు. మస్టరు చూపించమంటే అది సర్కారు రహస్యం. తెల్లవాళ్లు 1923లో చేసిన అధికార రహస్యాల చట్టం గూఢచారుల కోసం పుట్టింది. దాని నీడ మాత్రం పంచాయతీ మస్టరు దాకా పడింది.

1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానా అనే ఊళ్లో వాళ్లు మొదటి జనసున్‌వాయీ, అంటే బహిరంగ విచారణ, జరిపారు. సంపాదించిన లెక్కల కాగితాల్ని ఊరందరి ముందు పైకి చదివారు. అంతకు మించి వాళ్లు చేసిందేమీ లేదు. ఫలానా వాడికి ఇన్ని రోజుల కూలి ఇచ్చాం అని కాగితం అంటుంది. ఆ ఫలానా వాడు అక్కడే కూర్చుని ఉంటాడు, లేచి నేను ఆ పనికే పోలేదు అంటాడు. అలాంటి విచారణల్లో పని చేయని వాళ్ల పేర్లు, పూర్తికాని కట్టడాలకు చెల్లించిన బిల్లులు బయటపడ్డాయి. మనం ఊళ్లలో మహిమల గుట్టు విప్పి చూపే ప్రదర్శనలకు, దీనికి తేడా ఎక్కడుంది? చెప్పిన మాటను జరిగినదానితో పదిమంది ఎదుట సరిపోల్చడమే రెండింటిలోనూ పని.

నకళ్లు ఇస్తామని 1995 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. ఏడాది గడిచినా ఇవ్వలేదు. 1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్టణంలో నలభై రోజుల ధర్నా జరిగింది. "మా డబ్బు, మా లెక్క" అన్నది వాళ్ల నినాదం. పంచాయతీ లెక్కల నకళ్లు పొందే హక్కు ఆ రాష్ట్రంలో 1997లో నియమాల్లోకి వచ్చింది. అదే ఏడు తమిళనాడు దేశంలోనే మొదటి సమాచార హక్కు చట్టం చేసింది. చివరికి 2005లో పార్లమెంటు చేసిన చట్టం ఆ ఏడు అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది.

ఆ చట్టంలో ఆరో సెక్షన్ రెండో ఉపసెక్షన్‌ను ప్రతి హేతువాద సంఘం ఆఫీసు గోడ మీద రాసుకోవాలని నా కోరిక. సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పనక్కర్లేదు. జవాబు పంపడానికి కావలసిన చిరునామా తప్ప సొంత వివరాలేవీ అడగకూడదు. "మీకెందుకండీ?" అన్న ప్రశ్నను చట్టమే నోరు మూయించింది. ఉడిపిలో మొదలైన మెట్లు అక్కడికి చేరాయి. ఇంకో సెక్షన్ ఉంది, నాలుగోది. ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు అందుకు సంబంధించిన వాస్తవాలన్నీ ఎవరూ అడగకుండానే ప్రకటించాలి, నిర్ణయం సోకే వాళ్లకు కారణాలు చెప్పాలి అంటుంది. ఇది సరిగా అమలైతే మా మేడ మీద సమావేశమే అక్కర్లేదు.

అమలు కాకపోతే ఏమవుతుందో తిరుపతి చెరువులు చెబుతాయి. పేరూరు చెరువులో 150 ఎకరాలు తిరుమల తిరుపతి దేవస్థానానికి ఇళ్ల కోసం ఇస్తూ 1991లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. అవిలాల చెరువు భూమిని పట్టణాభివృద్ధి సంస్థకు ఇస్తూ 1994లో ఇంకోటి వచ్చింది. ఊళ్లోని ఇంటలెక్చువల్స్ ఫోరం హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చెరువులు ఎండిపోయాయి కాబట్టి వాడుకోవచ్చన్నారు అవతలి వాళ్లు. 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. చెరువుల్లాంటి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అంది కోర్టు. అవిలాలలో ఇక ఏ కట్టడమూ వద్దంది. పేరూరులో కొత్త కట్టడాలు ఆపమని, ఉన్న ఇళ్ల మీద పడే వాన నీటిని ఇంకించమని షరతులు పెట్టింది. కానీ కట్టేసిన ఇళ్లను కూల్చమనలేదు. ఉత్తర్వుకూ తీర్పుకూ మధ్య పన్నెండేళ్లు, పదిహేనేళ్లు నడిచాయి. ఆలోగా కాంక్రీటు గట్టిపడింది. కాగితం మొదట్లోనే బయటికి రావడం ఎందుకు ముఖ్యమో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. దేవుడు అండగా ఉంటే భూమికి ఢోకా లేదనే మా కాలనీ మిత్రుడికి ఈ కథ చెప్పాను. అక్కడ చెరువు భూమి వెళ్లింది దేవుడి పేరిటి సంస్థకే.

ఇదేమీ ప్రమాదం లేని పని అనుకోకండి. పుణే దగ్గర తలేగావ్‌లో భూముల అక్రమాల మీద సమాచార హక్కుతో కాగితాలు తవ్వుతున్న సతీశ్ శెట్టిని 2010 జనవరిలో పొద్దుటి నడకకు వెళ్లినప్పుడు నరికి చంపారు. 2013 ఆగస్టులో పుణే నగరంలోనే నరేంద్ర దభోల్కర్ గారిని పొద్దుటి నడకలోనే కాల్చి చంపారు. ఒకాయన భూమికి కాగితం అడిగాడు, ఒకాయన మహిమకు రుజువు అడిగాడు. ఇద్దరి హత్యలకూ సంబంధం ఉందని నేను అనడం లేదు. అడగడం అన్న అలవాటు ఒక్కటే అంటున్నాను.

చట్టమూ పలచబడుతోంది. సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతాలు నిర్ణయించే అధికారాన్ని 2019 సవరణ కేంద్ర ప్రభుత్వం చేతిలో పెట్టింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. అది సమాచార హక్కు చట్టం ఎనిమిదో సెక్షన్‌లో తెచ్చిన మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించాలంటే దానికి ప్రజా వ్యవహారాలతో సంబంధం లేదని అధికారి చూపవలసి వచ్చేది. ఇప్పుడు ఆ మాటలు తీసేశారు. విశాల ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చన్న ఇంకో క్లాజు మిగిలే ఉంది. అయినా కోట్ కిరానా మస్టరులో ఉన్నవి పేర్లే కదా? పేర్లు చదవకుండా ఆ దొంగతనం బయటపడేదా?

ఇక మా కాలనీ సంగతి. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి పది రూపాయల కోర్టు ఫీ స్టాంపు అంటించి ఇచ్చాను. నాలుగు అడిగాను. ఆమోదించిన లేఅవుట్ నకలు, ఆ స్థలం మీద కౌన్సిల్ తీర్మానం, ప్రతిపాదన అంచనాలు, టెండరు వివరాలు. చట్టం చెప్పిన ముప్పై రోజుల గడువు దాటింది. మొదటి అప్పీలు వేశాక కవరు వచ్చింది. విప్పి చూస్తే రెండు పక్షాల వాళ్లకూ మింగుడు పడనివి కనిపించాయి.

లేఅవుట్‌లో ఆ స్థలం ఉమ్మడి ఖాళీ స్థలంగా స్పష్టంగా ఉంది. అక్కడ దుకాణాలు కట్టాలన్న తీర్మానానికి ఆధారం లేదు. అంతవరకు మాదే పైచేయి. అయితే మేం పార్కు అని పిలుస్తున్న దాంట్లో దాదాపు మూడో వంతు లేఅవుట్‌లో లేనే లేదు. అది పక్కనున్న నీళ్ల ట్యాంకు తాలూకు మునిసిపల్ స్థలం. ప్రహరీ పడిపోయి కలిసిపోయింది. ఇక బావమరిది కాంట్రాక్టు మాట. అసలు టెండరే పిలవలేదు. అంచనా కూడా తయారు కాలేదు. ఏడాదిగా మేమంతా చెప్పుకున్నది ఉత్త పుకారు.

దీన్ని మేడ మీద మళ్లీ చదివి వినిపించాను. "ఆ మూడో వంతు సంగతి బయట పెట్టకండి మాస్టారూ, మన కేసు బలహీనపడుతుంది" అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. మనకు పనికొచ్చే కాగితం చూపి, పనికిరానిది దాచితే మనకూ, బీరువాకు తాళం వేసిన వాళ్లకూ తేడా ఏమిటి? రుజువు అడిగేవాడు తనకు వ్యతిరేకంగా వచ్చిన రుజువును కూడా మోయాలి. కౌన్సిలర్ గారి దగ్గరికి వెళ్లి బావమరిది మాట తప్పని చెప్పి వచ్చాను. ఆయన నవ్వి కాఫీ ఇప్పించాడు గానీ, ఆ నవ్వులో కొంచెం బాధ ఉంది. అది మేం పెట్టిన బాధే. అందుకు కాలనీలో కొందరు నాతో ఇప్పటికీ ముభావంగానే ఉన్నారు.

తీర్మానం రద్దు కాలేదు. కౌన్సిల్ దాన్ని వాయిదా వేసింది. వాయిదా అంటే మళ్లీ ఎప్పుడైనా రావచ్చు. మేం లేఅవుట్ నకలును లామినేషన్ చేయించి, ట్యాంకు స్థలం గీతతో సహా, ఆ స్థలం గేటు దగ్గర కట్టాం.

ఎం.ఎన్. రాయ్ తన రాడికల్ హ్యూమనిస్టు ఆలోచనల్లో స్థానిక ప్రజా కమిటీలకు పెద్ద పీట వేశాడు. పార్టీల చేతుల్లో కాకుండా, విషయం తెలిసిన పౌరుల చేతుల్లో అధికారం ఉండాలన్నాడు. అది జరిగే పనేనా అని నాకు ఇప్పటికీ సందేహమే. కానీ విషయం తెలుసుకోవడం వరకు పది రూపాయల స్టాంపుతో అయ్యే పని. మన సభ్యులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. బాబాల దగ్గరికి వెళ్లి రుజువు అడిగే ధైర్యం ఉన్న వాళ్లు, మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కడానికి ఎందుకు వెనకాడతారో నాకు అర్థం కాదు. మీ వార్డులో కౌన్సిల్ చివరి తీర్మానాలు ఏమిటో వచ్చే నెలలోగా అడిగి చూడండి.

ఆంజనేయస్వామిని పెడదామన్న మిత్రుడు మొన్న మా ఇంటికి వచ్చాడు. వాళ్ల అత్తగారి ఊళ్లో చెరువు గట్టు మీద ఏదో కడుతున్నారట. "ఆ దరఖాస్తు ఎలా రాయాలో కాస్త చెబుతారా మాస్టారూ?" అన్నాడు. ఇద్దరం కూర్చుని రాశాం. అది పంచాయతీ కాబట్టి స్టాంపు కూడా అక్కర్లేదని చెబితే, "ఇంత చవకా!" అని ఆశ్చర్యపోయాడు.